కాగితం పులి, గొడుగు కింది సన్యాసి: చైనా పలుకుబడులు ఇంగ్లీషులో పడ్డ పాట్లు

తెలుగు పరీక్షలో తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది: ‘కింది జాతీయాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.’ మార్కులు సులువుగా వచ్చే ప్రశ్న కనుక పిల్లలు దాన్ని వదలరు. ఒకసారి మా తరగతి కుర్రవాడొకడు తెలుగు పరీక్షలో చేసే పనినే ఇంగ్లీషు పరీక్షలోనూ చేశాడు. తాతగారి మీద వ్యాసం రాస్తూ ‘ఎముక లేని చెయ్యి’ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దింపాడు. అడిగినవాడికల్లా పెట్టే మనిషి అని వాడి భావం. దిద్దినవారికి మాత్రం ఆ తాతకు ఏదో జబ్బు ఉన్నట్టు తోచింది. అందరం నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే ఆ నవ్వు నిలవలేదు. ఒక కుర్రవాడి వాక్యానికి ఇలా జరిగితే నవ్వి ఊరుకుంటాం. ఒక జాతి మొత్తం మాట్లాడే మాటకే ఇలా జరిగితే?

చైనా విషయంలో జరిగింది అదే. పైగా అది మనకు పరాయి సంగతి కాదు. లూసున్ కథలు గానీ, చైనా విప్లవ రచనలు గానీ తెలుగు పాఠకుడికి చాలావరకు ఇంగ్లీషు ద్వారానే అందాయి. బీజింగ్ విదేశీ భాషా ప్రచురణాలయం వేసిన ఇంగ్లీషు పుస్తకాలే మన అనువాదకుల చేతిలో మూలగ్రంథాలయ్యాయి. అంటే చైనా రైతు నోటి మాట ముందు ఇంగ్లీషు గుమ్మం దాటి, తర్వాత మన గుమ్మం తొక్కింది. మొదటి గుమ్మం దగ్గర ఏం పోయింది, ఏం కొత్తగా చేరింది అన్నది తెలుసుకోకపోతే మన గుమ్మంలోకి వచ్చినదేమిటో మనకు తెలియదు.

ముందే ఒక మాట. నేను చైనా భాషలో పండితుణ్ణి కాను. ఆ భాష తెలిసినవారు రాసిన దాని మీద ఆధారపడి రాస్తున్నాను. నాకు ఉన్న అర్హతల్లా తెలుగు జాతీయాలను పాతికేళ్ళుగా పిల్లలకు పాఠంగా చెబుతూ ఉండటమే. జాతీయం ఎక్కడ పుడుతుందో, ఎలా బతుకుతుందో తెలిసినవాడికి, అది పరాయి భాషలో ఎలా చస్తుందో కొంత తెలుస్తుంది.

కూర్పులో నాలుగు రకాలు

చైనీయులు తమ పలుకుబడులను స్థూలంగా నాలుగు రకాలుగా చెప్పుకుంటారు. మొదటిది ‘చెంగ్‌యూ’. చాలావరకు నాలుగే నాలుగు అక్షరాలు. ప్రతి అక్షరం ఒక మాట. వాటి వెనక తరచుగా ఒక పాత కథ ఉంటుంది. పడవలో పోతున్నవాడి కత్తి నదిలో పడిపోతుంది. వాడు వెంటనే పడవ అంచు మీద గుర్తు పెట్టుకుని, ఒడ్డు చేరాక ఆ గుర్తు కింద నీళ్ళలో వెతుకుతాడు. రెండువేల ఏళ్ళకు పైబడిన ఈ కథంతా ‘గుర్తు–పడవ–వెతుకు–కత్తి’ అనే నాలుగు అక్షరాల్లో ఇమిడిపోయింది. మారిన పరిస్థితిని గమనించక పాత సూత్రాన్నే పట్టుకు వేలాడేవాణ్ణి ఈ నాలుగు అక్షరాలతో కొడతారు. మనం ‘శల్యసారథ్యం’ అన్నప్పుడు జరిగేది ఇదే. భారతం తెలిసినవాడికి ఒక్క మాట చాలు. తెలియనివాడికి పర్వం మొత్తం చెప్పాలి.

రెండవది ‘యెన్‌యూ’, అంటే సామెత. మూడవది ‘కువాన్‌యుంగ్‌యూ’, వాడుకలో స్థిరపడిన పలుకుబడి. నాలుగవది ‘షియెహోయూ’. ఇది రెండు ముక్కల మాట. మొదటి ముక్క పొడుపు, రెండవది విడుపు. ‘మట్టి బోధిసత్వుడు ఏరు దాటడం’ అని చెప్పి ఆగుతారు. ‘తన ఒళ్ళే దక్కించుకోలేడు’ అనే రెండో ముక్క వినేవాడి మనసులో పలుకుతుంది. మనవాళ్ళు ‘అత్త మీద కోపం...’ అని ఆగితే ‘దుత్త మీద’ అని ఎదుటివాడు పూరించుకున్నట్టే. చెప్పని సగమే అసలు మాట. అనువాదకుడికి గండం కూడా అక్కడే.

గుర్రాలు, పులులు, గాడిద గుడ్లు

‘ఎలా ఉంది?’ అని అడిగితే చైనీయుడు ‘మామా హూహూ’ అంటాడు. ‘మా’ అంటే గుర్రం, ‘హూ’ అంటే పులి. ‘ఏదో, అంతంత మాత్రం’ అని భావం. ఇంగ్లీషువారు ‘గుర్రం గుర్రం పులి పులి’ అని అక్షరానువాదం చేసి, చైనావారి ఊహాశక్తిని చూడండని మురిసిపోతారు. కానీ ఆ మాట అనేవాడి మనసులో గుర్రమూ లేదు, పులీ లేదు. మనం ‘గాడిద గుడ్డు’ అన్నప్పుడు మన మనసులో గాడిద ఉంటుందా? దాన్ని మాటకు మాటగా తర్జుమా చేస్తే, తెలుగుదేశంలో గాడిదలు గుడ్లు పెడతాయని నమ్మే జనం ఉన్నారని పరదేశి అనుకోడా?

మన ఆలంకారికులు లక్షణావృత్తిని రెండుగా విభజించారు: రూఢి లక్షణ, ప్రయోజన లక్షణ. దర్భలు కోసేవాడనే అర్థం గల ‘కుశలుడు’ నేర్పరికి పేరయింది. ఆ మాటలో ఇప్పుడు దర్భలు కనబడవు. అది రూఢి. ‘గంగలో గొల్లపల్లె’ అన్నప్పుడు మాత్రం గంగ చల్లదనం, పవిత్రత మనకు తగలాలి. అది ప్రయోజనం. అనువాదకుడు ఏ పలుకుబడినైనా చేతిలోకి తీసుకోగానే వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఇందులో బొమ్మ బతికి ఉందా, చచ్చి రూఢి అయిందా? చచ్చిన బొమ్మను లేపి నిలబెడితే వింత పుడుతుంది. బతికిన బొమ్మను చంపితే అర్థం పోతుంది. పాశ్చాత్య పాఠకుడి మనసులో చైనావాడు చిత్రవిచిత్రమైన ప్రాణిగా స్థిరపడడానికి మొదటిరకం పొరపాటు చాలా సాయం చేసింది.

నిత్యవ్యవహారంలో మాటలు చూడండి. పాత చైనాలో దారిలో కలిసినవాణ్ణి ‘తిన్నావా?’ అని పలకరించేవారు. ఇంగ్లీషులో అక్షరానువాదం చేస్తే భోజనానికి పిలుస్తున్నట్టు ఉంటుంది. భావం తీసుకుని ‘హలో’ అంటే, కరువు కాటకాల చరిత్ర గల రైతు సమాజం తోటి మనిషి కడుపును గురించి మొదట అడిగిందన్న సంగతి మాసిపోతుంది. సాగనంపుతూ ‘మెల్లగా నడువు’ అంటారు. పని ముగించినవాడితో ‘చాలా కష్టపడ్డావు’ అంటారు. పొగిడితే ‘ఎక్కడ, ఎక్కడ!’ అంటారు.

ఇవి ఇంగ్లీషుకే అడ్డం గాని తెలుగుకు కాదు. ‘అన్నం తిన్నావా?’, ‘నిదానంగా వెళ్ళండి’, ‘ఎంత మాట!’ మన ఊళ్ళల్లో రోజూ వినే మాటలే. చైనా క్రియాపదం ‘తిను’ సంగతీ అంతే. వాళ్ళు కష్టాన్ని తింటారు, నష్టాన్ని తింటారు, ఉలికిపాటును కూడా తింటారు. ఇంగ్లీషులో ‘చేదు తినడం’ అని రాస్తే అదొక విడ్డూరం. తెలుగువాడు మాత్రం దెబ్బలు తింటాడు, తిట్లు తింటాడు. వాణ్ణి దోచినవాడు వడ్డీ తింటాడు, అధికారి లంచం తింటాడు. ఇంగ్లీషు మీదుగా రావడం వల్ల రెండు రైతు భాషల మధ్య ఉన్న ఈ చుట్టరికం తెగిపోయింది. ఇంగ్లీషు అనువాదకుడు ‘హలో’ అన్న చోట మన అనువాదకుడు ‘నమస్కారం’ అని రాశాడు. చైనా పల్లెలో లేని నమస్కారం అక్కడ వెలిసింది. ఉన్న అన్నం మాయమైంది.

తిట్లూ అంతే. లూసున్ 1925లో తల్లి పేరెత్తే ఒక చైనా తిట్టు మీదే వ్యాసం రాశాడు. దాన్ని జాతీయ తిట్టుగా లెక్కకట్టి, వంశాల గొప్ప చెప్పుకునే దొరల మీద కసి తీరని జనం కనిపెట్టిన ఆయుధమని దాని పుట్టుక వివరించాడు. చివరకు తన ఊళ్ళో చూసిన దృశ్యం చెప్పాడు. తండ్రీ కొడుకులు అన్నం తింటూ, ఇది బాగుంది రుచి చూడమని ఒకరూ, నాకొద్దు నువ్వే తినమని ఒకరూ, ఆ తిట్టునే కలిపి మాట్లాడుకుంటున్నారు. అక్కడ తిట్టుకు అర్థం ముద్దు. మన అవ్వలు మనవణ్ణి ‘ఓరి నీ ఇల్లు బంగారం కానూ’ అన్నట్టే. నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్న అనువాదకుడికి ఈ తండ్రీకొడుకులు చిక్కరు.

కాగితం పులి

1946 ఆగస్టులో అమెరికన్ పాత్రికేయురాలు అన్నా లూయీ స్ట్రాంగ్ యెనాన్‌లో మావోను కలుసుకున్నది. ఆటంబాంబు చూపి ప్రజలను భయపెట్టే అమెరికన్ అభివృద్ధి నిరోధకులను ఆయన ‘కాగితం పులి’ అన్నాడు. దుబాసి మొదట దాన్ని ఇంగ్లీషులో ‘స్కేర్‌క్రో’ అని చెప్పాడట. అంటే చేలో పాతే బెదురుబొమ్మ. మావో సంభాషణ ఆపి ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, కాదన్నాడని స్ట్రాంగ్ తర్వాత రాసింది. కాగితం పులి చేలో పాతిన కొయ్య కాదు. చూడడానికి నిజం పులే. పిల్లలు జడుసుకుంటారు. కాని వాన పడితే నాని కొట్టుకుపోతుంది.

రెండు బొమ్మలూ భయపెట్టేవే. మరి తేడా ఎక్కడ? బెదురుబొమ్మ రైతు పక్షం. పంటను కాచే పనిముట్టు. అది బెదిరించేది పిట్టలను. కాగితం పులి బెదిరించేది మనుషులను. దాని బలమంతా చూసేవాడి భయంలో ఉంది. ఒక మాట మారితే భయపెట్టేవాడూ భయపడేవాడూ తారుమారవుతారు. ఈ పలుకుబడి మావో సృష్టి కాదు, జనంలో ముందునుంచీ ఉన్నదే. జాన్ ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఆంగ్లేయుడు 1836లోనే తన పుస్తకంలో దాన్ని నమోదు చేశాడు. నూట పదేళ్ళు నిఘంటువు సరుకుగా పడివున్న మాట, ఒక చరిత్ర ఘట్టంలో సరిగా అనువాదమయ్యేసరికి ఇంగ్లీషు వాడుకలో కలిసిపోయింది.

తెలుగులో మనకు ‘మేకపోతు గాంభీర్యం’ ఉంది. ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ ఉన్నాయి. అయినా మనవాళ్ళు ‘కాగితం పులి’నే ఉంచుకోవడం మంచి పని. మేకపోతు గాంభీర్యం నటించేవాడి గుణం చెబుతుంది. కాగితం పులి చూసేవాడి కర్తవ్యం చెబుతుంది. ఇది ప్రయోజన లక్షణ. బొమ్మ పోతే అర్థం పోతుంది.

1956 నాటి ‘నూరు పూలు’ నినాదం కథ ఇంకొక రకం. మూలంలో పూలూ నూరే, వాదాలూ నూరే. ‘నూరు వాదాలు’ అన్నది క్రీస్తుకు పూర్వం చైనాలో పరస్పరం తలపడిన తత్త్వశాఖలకు చారిత్రక నామం. ఇంగ్లీషులో ఈ స్మృతి పలచబడింది. అక్కడ జనం నోట పూలే వెయ్యి అయ్యాయి. మన నోట పూలు నూరుగానే ఉండి ఆలోచనలు వెయ్యి అయ్యాయి. ఇంకొక సూక్ష్మం ఉంది. మూలంలోని ఎనిమిది అక్షరాల్లో ‘వికసించనీ’ అనడానికి, అంటే అనుమతించడానికి, విడిగా మాట లేదు. పూలు వికసిస్తాయి, వాదాలు తలపడతాయి. ‘నీ’ అన్న ప్రత్యయం ఇంగ్లీషు మీదుగా మనకు వచ్చింది. అనుమతి ఇచ్చేవాడు ఒకడుంటే, దాన్ని వెనక్కి తీసుకునేవాడూ వాడే. 1957లో మితవాద వ్యతిరేక ఉద్యమం పేరిట తింగ్‌లింగ్ వంటి రచయిత్రి కూడా శిక్షకు గురైనప్పుడు జరిగింది అదే. అక్షరాల్లో లేని అర్థాన్ని అనువాదం చేర్చింది. చరిత్ర మాత్రం అనువాదం పక్షానే తీర్పు చెప్పింది.

ఎవరు అన్నారు, ఎందుకు అన్నారు

పద్దెనిమిదో శతాబ్దపు మహానవల ‘ఎర్రమేడ కల’లో ల్యూ అవ్వ అనే పేద పల్లెటూరి ముసలామె ఉంటుంది. చలికాలం ముంచుకొస్తోంది, ఇంట్లో ఏమీ లేదు. అల్లుడు కూర్చుని విసుక్కుంటున్నాడు. అప్పుడామె, ఉపాయం పన్నడం మనిషి చేతిలో ఉంది, నెరవేరడం ఆకాశం చేతిలో ఉంది అనే సామెత చెబుతుంది. డేవిడ్ హాక్స్ ఇంగ్లీషులో ‘ఆకాశం’ స్థానంలో దేవుణ్ణి పెట్టి, తన పాఠకులకు పరిచయమైన క్రైస్తవ సామెతనే వాడాడు. యాంగ్ షియెన్‌యి, గ్లాడిస్ యాంగ్ దంపతులు అదే సామెత తీసుకుని, ‘దేవుడు’ తీసివేసి ‘ఆకాశం’ అన్న అర్థమిచ్చే మాట నిలబెట్టారు. అనువాద శాస్త్ర చర్చల్లో ఈ ఉదాహరణ బాగా నలిగింది. ఒకరు పాఠకుడి దగ్గరకు మూలాన్ని తెచ్చారు, మరొకరు మూలం దగ్గరకు పాఠకుణ్ణి తీసుకుపోయారు అంటారు.

ఈ చర్చలో నాకు కనిపించే లోపం ఒకటుంది. దేవుడా ఆకాశమా అని వాదిస్తూ, అవ్వ ఆ మాట ఎందుకు అన్నదో మరిచిపోతారు. ఇంగ్లీషు సామెతను అనేది పథకం చెడ్డాక. అది ఓటమికి ఓదార్పు. అవ్వ అన్నది పథకం మొదలుపెట్టడానికి. ఫలితం ఎలా ఉన్నా, ముందు మన వంతు మనం చేద్దాం లేవమని ఆమె అల్లుణ్ణి పురికొల్పుతోంది. ఆమె బరువు పెట్టింది మొదటి సగం మీద, ఇంగ్లీషు సామెత బరువు రెండో సగం మీద. చేవ గల ముసలామె ఇంగ్లీషులో కర్మవాది అయిపోయే ప్రమాదం ఉంది. హాక్స్ గానీ యాంగ్ దంపతులు గానీ సామాన్యులు కారు. వారి అనువాదాలు ఇరవయ్యో శతాబ్దపు గొప్ప అనువాదాల్లో చేరతాయి. అయినా, సామెతకు సామెత దొరకగానే పని అయిపోయిందనుకుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

శ్రామిక జనం మాట

భూసంస్కరణ కాలంలో చైనా పల్లెల్లో ‘సూ–ఖూ’ సభలు జరిగాయి. ‘ఖూ’ అంటే చేదు, కష్టం కూడా. ఇంగ్లీషులో ‘చేదు పలకడం’ అని స్థిరపడింది. మనకు ‘గోడు వెళ్ళబోసుకోవడం’ అని మంచి మాట ఉంది. అయితే అది కూడా చాలదు. ‘సూ’ అన్న అక్షరానికి చెప్పుకోవడం ఒక అర్థమైతే, ఫిర్యాదు చేయడం, అభియోగం మోపడం ఇంకొక అర్థం. న్యాయస్థానంలో దావా అనే మాటలోనూ ఆ అక్షరమే ఉంది. కౌలురైతు సభలో నిలబడి చేసింది కన్నీళ్ళు కార్చడం మాత్రమే కాదు, ఎదురుగా ఉన్న భూస్వామి మీద నేరం మోపడం కూడా. గోడు జాలిని కోరుతుంది. సూ–ఖూ తీర్పును కోరుతుంది.

విలియం హింటన్ ఈ చిక్కును నిజాయితీగా ఎదుర్కొన్నాడు. 1948లో షాన్‌సీ రాష్ట్రంలోని ఒక పల్లెలో కూర్చుని అతడు రాసుకున్న నోట్సును, 1953లో స్వదేశం చేరగానే అమెరికన్ కస్టమ్స్ అధికారులు పట్టుకున్నారు. కోర్టులో పోరాడి వాటిని తిరిగి తెచ్చుకుని 1966లో పుస్తకం వేశాడు. దానికి ‘ఫాన్‌షెన్’ అన్న చైనా మాటనే పేరుగా ఉంచాడు. ‘ఒళ్ళు తిప్పడం, పక్కకు దొర్లడం’ అని అక్షరార్థం. భూమి లేని రైతుకు భూమి, పశువు, ఇల్లు, చదువు, పరిపాలనలో పాలు దక్కడం అంతా ఆ మాటలో ఉందని మొదటే వివరించాడు. ఇంగ్లీషులో ఏ ఒక్క మాట వేసినా ఇందులో ఏదో ఒకటి జారిపోతుంది. అనువదించకపోవడం కూడా ఒక్కొక్కప్పుడు అనువాదమే. అయితే వివరించే బాధ్యత వహించినవాడికే ఆ హక్కు ఉంది.

బాధ్యత లేని చోట ఏమవుతుందో ‘గుంగ్ హో’ చెబుతుంది. జపాన్ దురాక్రమణ కాలంలో, 1938లో, న్యూజిలాండు దేశీయుడు రెవి ఆలీ మొదలైనవారు చైనాలో పారిశ్రామిక సహకార సంఘాలు నెలకొల్పారు. ఆ సంఘాల పొడుగాటి పేరుకు రెండక్షరాల పొట్టి రూపమే ‘కుంగ్ హో’. వాటిని చూసి ముచ్చటపడిన అమెరికన్ మెరీన్ అధికారి ఎవాన్స్ కార్ల్‌సన్, ‘కలిసి పనిచేద్దాం’ అని దానికి అర్థం చెప్పుకుని 1942లో తన దళానికి నినాదంగా ఇచ్చాడు. అక్కణ్ణుంచి అది హాలీవుడ్ సినిమాకు పేరయింది. చివరకు ఇంగ్లీషులో ‘వెనకాముందూ చూడని ఉత్సాహం’ అన్న అర్థంలో నిలిచింది. చేనేత మగ్గాలు, చిన్న కార్ఖానాలు నడుపుకునే కార్మికుల సంఘం పేరు, సైనికుడి వీరావేశంగా మారింది. మాటకు కూడా యజమాని మారతాడు.

గొడుగు కింది సన్యాసి

ఇంగ్లీషులో పోయిన సగం ఎంత ప్రమాదం తెచ్చిందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. మనబోటి వారం దాన్ని తప్పించుకు పోకూడదు. 1970 డిసెంబరులో మావో తన పాత మిత్రుడు ఎడ్గార్ స్నోతో మాట్లాడుతూ, తాను గొడుగు పట్టిన సన్యాసినని అన్నాడు. అది పైన చెప్పిన రెండు ముక్కల పలుకుబడి. చెప్పని రెండో ముక్క ‘ఊ ఫా, ఊ థియెన్’. సన్యాసి బోడిగుండు కనుక ‘ఫా’, జుట్టు, లేదు. గొడుగు అడ్డం కనుక ‘థియెన్’, ఆకాశం, లేదు. అయితే ‘ఫా’ శబ్దానికే, స్వరం కొంచెం మారితే, చట్టం అనే అర్థం ఉంది. ‘చట్టమూ లేదు, ఆకాశమూ లేదు’: నేను ఎవరికీ లోబడనివాణ్ణి అని చైనాలో చంటిపిల్లవాడికి కూడా తెలిసే శ్లేష.

1971 ఏప్రిల్‌లో ‘లైఫ్’ పత్రికలో స్నో వ్యాసం వచ్చింది. అందులో ఈ మాట, చిల్లుల గొడుగు వేసుకుని లోకంలో ఒంటరిగా నడిచిపోతున్న సన్యాసిగా మారింది. ప్రపంచమంతటా అభిమానులు ఆ ఒంటరి మహర్షిని చూసి కరిగిపోయారు. సాంస్కృతిక విప్లవం నడుస్తున్న రోజులవి. చట్టం లేకపోవడం అంటే ఏమిటో చైనా రచయితలకూ ఉపాధ్యాయులకూ తెలుసు. నాయకుడు తానే నవ్వుతూ చెప్పిన నిజం, అనువాదంలో వేదాంతమై బయటికి వచ్చింది. అబద్ధం ఆడింది మావో కాదు, మోసగించాలని చూసింది స్నో కూడా కాదు. చెప్పని సగం పోయింది. ఆ ఖాళీని అభిమానం పూరించింది. అభిమానం మంచి పాఠకుణ్ణి చేయవచ్చు గాని మంచి అనువాదకుణ్ణి చేయదు. ఈ పాఠం ప్రగతివాదులకు మిగతావారికంటే ఎక్కువ అవసరం.

లేని సామెతలు, ఉన్న శత్రుత్వాలు

అభిమానం చేసే పని ఇది. అజ్ఞానం, స్వార్థం చేసే పనులు ఇంకా ఉన్నాయి. చైనా భాషలో ‘సంక్షోభం’ అన్న మాట ‘ప్రమాదం’, ‘అవకాశం’ అనే రెండక్షరాల కలయిక అని కెనెడీ 1959లో చెప్పాడు. వ్యాపార ప్రసంగాల్లో ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. ఆ రెండో అక్షరానికి ఆ మాటలో కీలక క్షణం, మలుపు అని అర్థం గాని, అవకాశం అని కాదని భాషావేత్తలు వివరించారు. సంక్షోభంలో కూలి పోగొట్టుకున్న చైనా కార్మికుడికి అందులో అవకాశం కనబడదు. కనబడేది వాణ్ణి తీసేసినవాడికి. 1966లో రాబర్ట్ కెనెడీ దక్షిణాఫ్రికాలో ‘ఆసక్తికరమైన కాలంలో బతుకుదువుగాక’ అన్నది చైనా శాపమని చెప్పాడు. చైనా భాషలో అటువంటి శాపం దొరకలేదు. 1627 నాటి ఒక కథాసంపుటిలో దానికి దగ్గరగా ఉన్న మాట వేరు: కల్లోలంలో మనిషిగా పుట్టడం కంటే శాంతికాలంలో కుక్కగా పుట్టడం మేలని. మొదటిది విందులో చమత్కారం. రెండవది యుద్ధంలో ఇల్లు కాలినవాడి ఏడుపు.

2021 జూలై 1న చైనా కమ్యూనిస్టు పార్టీ శతవార్షిక సభలో షీ జిన్‌పింగ్, తమను బెదిరించేవాళ్ళు ఉక్కుగోడకు కొట్టుకుని ‘తల పగిలి నెత్తురు కారి’ పోతారన్నాడు. అది నాలుగక్షరాల పాత జాతీయం. చిత్తుగా దెబ్బతినడం అని దాని వాడుక. చైనా ప్రభుత్వ ఇంగ్లీషు ప్రతి తలనూ నెత్తురునూ తీసివేసి, ఉక్కుగోడతో ఢీకొనడం మాత్రం ఉంచింది. పాశ్చాత్య పత్రికలు నెత్తురునే పతాక శీర్షికల్లోకి ఎక్కించాయి. ఒకరు కోరలు పీకారు, మరొకరు కోరలకు పదును పెట్టారు. మూలంలో ఉన్నది కటువైన మాటే. కాని ‘మేము తల పగలగొడతాం’ అన్నది వేరు, ‘వచ్చి కొట్టుకుంటే మీ తలే పగులుతుంది’ అన్నది వేరు.

అలాగే ‘వెలుగు దాచి మరుగున మసలడం’ అన్న అర్థం గల నాలుగక్షరాల మాటను అమెరికా రక్షణ శాఖ తన నివేదికల్లో ‘బలం దాచుకుని అదను కోసం కాచుకోవడం’ అని తర్జుమా చేసింది. అదను అన్న మాట ఆ నాలుగక్షరాల్లో లేదు. పొంచి ఉన్న శత్రువు బొమ్మ అనువాదం గీసినది. ఆయుధాల బడ్జెట్లు ఇటువంటి బొమ్మలు చూపించే అడుగుతారు. జాతీయాల అనువాదం పండితుల కాలక్షేపం అనుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి.

లూసున్ చెప్పిన దారి

ఇంతకూ దారి ఏమిటి? చైనావారే ఈ ప్రశ్నతో తలపడ్డారు. 1898లో హక్స్‌లీ గ్రంథాన్ని అనువదిస్తూ యెన్ ఫూ మూడు గుణాలు నిర్దేశించాడు: విశ్వసనీయత, సుబోధకత, సొగసు. 1929లో లియాంగ్ షిచియు లూసున్ అనువాదాలను కొరుకుడు పడవని ఎద్దేవా చేసినప్పుడు, లూసున్ ‘కఠినానువాదం’ అన్న నిందనే పతాకంగా ఎత్తుకున్నాడు. పాఠకుడికి హాయిగా ఉండటం కోసం మూలాన్ని నున్నగా చెక్కితే, కొత్త ఆలోచన కొత్త వాక్యంలో రాదని ఆయన వాదం. నమ్మకం పోయినా ఫరవాలేదు, సాఫీగా ఉంటే చాలన్న చావో చింగ్‌షెన్, ఇంగ్లీషులోని ‘పాల దారి’ని అలాగే తర్జుమా చేస్తే లూసున్ ఎగతాళి చేశాడు. చైనావారికి అది వెండి యేరు. పశువుల కాపరినీ నేతగత్తెనూ విడదీసిన ఏరు. చూడండి, అదే మాట తెలుగులో పాలపుంతగా, పాలవెల్లిగా ఎంత సహజంగా ఒదిగిందో! సరైన అనువాదం అంటూ గాలిలో ఉండదు. ఏ భాషలోకి, ఏ జనం కోసం అన్నదాన్ని బట్టే తేలుతుంది. చూ చియుపాయ్ 1931లో లూసున్‌కు రాసిన లేఖలో ఈ జనం సంగతే గట్టిగా ఎత్తాడు: మూలానికి నిజంగా ఉండాలి, కాని బతికివున్న జనం భాషలో ఉండాలి. నాకు ఇద్దరి మాటా కావాలి.

చైనా రచనను ఇంగ్లీషు నుంచి తెలుగు చేసే మిత్రులు ప్రతి పలుకుబడి దగ్గరా నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. బొమ్మ బతికి ఉందా, రూఢి అయిందా? అన్నది ఎవరు, ఎవరితో, ఏం సాధించడానికి? చెప్పక విడిచిన సగం ఏమిటి? ఇంగ్లీషువాడు దేన్ని చేర్చాడు, దేన్ని దాచాడు, అందువల్ల ఎవరికి లాభం? చివరి ప్రశ్నకు జవాబు కోసం చైనా భాష తెలిసినవారిని అడగాలి. అడగడం నామోషీ కాదు. కాగితం పులి బతికింది మావో దుబాసిని ఆపి అడిగినందువల్ల. గొడుగు సన్యాసి చిల్లుల గొడుగుతో లోకం తిరిగింది ఎవరూ ఆపి అడగనందువల్ల.

మా కుర్రవాడి సంగతితో ముగిస్తాను. తర్వాత వాణ్ణి పిలిచి, తాత చెయ్యి గురించి ఇంగ్లీషులో మళ్ళీ రాయమన్నాను. వాడు కాసేపు కలం కొరుక్కుని, జాతీయం వదిలేసి ఇలా రాశాడు: మా తాత ధాన్యం కొలిచేటప్పుడు కూలీల తట్టలోకి ఎప్పుడూ ఒక దోసెడు ఎక్కువే వేసేవాడు. ఎముక పోయింది. చెయ్యి మాత్రం మిగిలింది.